కాలువలో నేర్చిన ఈత కొండ మడుగుకు చాలదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

రబీ కోతలు ముగిసి, మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టివేసే రోజులు వచ్చేసరికి మా కోనసీమ ఊళ్లలో ఈత కొట్టే పిల్లలకు, కుర్రాళ్లకు నీళ్లు లేకుండా పోతాయి. గోదావరి పాయల్లోకి వెళ్లవద్దని ఇళ్లలో కట్టడి చేస్తారు, చేయవలసిందే. 2025 మే నెలలో కమినిలంక దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు ఒక్కరోజే మునిగిపోయిన సంగతి తలచుకుంటే మా ప్రాంతంలో ఏ తల్లికైనా ఇప్పటికీ గుండె చెదురుతుంది. ఈ పరిస్థితుల్లో మా వీధి కుర్రాళ్లు ఏడుగురు, వారిలో మా మనవడు ఒకడు, రంపచోడవరం మన్యంలో ఒక అడవి ఊట దగ్గర రెండు రాత్రులు గుడారాలు వేసుకొని ఉండి, ఆ ఊటనీరు దిగువకు జారి నిలిచే మడుగులో ఈత కొట్టి రావాలని తలపెట్టి, "మాస్టారూ, మీరు వస్తే ఇంట్లో పంపిస్తారండీ" అని నన్ను అడిగారు. వారి ఉత్సాహాన్ని నేను కాదనలేదు. అయితే ఆ ప్రయాణానికి ఏర్పాట్లు చేస్తున్న ఈ రెండు నెలల్లో నాకు తెలిసివచ్చినవి, ఏనాడో అనుభవంలోకి వచ్చి మరుగున పడినవి కొన్ని ఉన్నాయి. సెలవుల్లో మన్యం దారి పట్టే డెల్టా కుటుంబాలకు అవి ఉపయోగపడతాయన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం దీర్ఘంగా ఉన్నా ప్రచురించవలసిందిగా ప్రార్థన.

ముందుగా మా వైపు వారి అలవాటు ఒకటి చెప్పాలి. మేము కొలతకు అందిన నీటి పక్కన పుట్టి పెరిగినవాళ్లం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది అని లంకల్లో చదువు రానివారు కూడా చెబుతారు. దానికి ముందే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల హెచ్చరికలు వెలువడతాయి కనుక ఎగువ నుంచి వరద మాకు చేరేలోగా పశువులను గట్టెక్కించుకోవడానికి, ధాన్యం మెరకకు చేర్చుకోవడానికి ఎంతోకొంత వ్యవధి ఉంటుంది. కాలువల సంగతి చెప్పనే అక్కర్లేదు. లాకుల దగ్గర ఎంత వదిలితే అంతే పారుతుంది, ఏ రేవులో ఎంత లోతో ఊరంతటికీ తెలుసు, అడుగున కాలికి తగిలేది మెత్తని ఒండ్రు మట్టి. అరటి బోదె పట్టుకొని ఆ నీటిలో ఈత నేర్చినవాడికి నీరంటే భయం పోతుంది. ఈత రావడం మంచిదే, ప్రతి బిడ్డకూ రావాలి. కాని ఆ ధైర్యాన్నే మూటగట్టుకొని కొండకు వెళితే ప్రమాదం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే అక్కడి నీటికి కొలత పలక లేదు, లాకు లేదు, అడుగున మట్టి లేదు.

ఈ మాట పుస్తకంలో చదివి రాయడం లేదు. 1988 వేసవిలో ఇద్దరు స్నేహితులతో కలిసి మన్యంలో ఒక మడుగు దగ్గరకు వెళ్లాను. నీరు అద్దంలా ఉంది. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు కనిపిస్తున్నాయి. ఛాతీ లోతు ఉంటుందనుకొని, నిలబడవచ్చునన్న ధీమాతో లుంగీతోనే దూకాను. కాళ్లకు నేల తగలలేదు. తగులుతుందనుకున్న చోట తగలకపోయేసరికి నోరు తెరిచాను, నీళ్లు మింగాను, ఈ లోపల ప్రవాహం నన్ను ఒక రాతి చూరు కిందకు నెట్టింది. గట్టు మీద వెదురు కొట్టుకుంటున్న కొండరెడ్డి తెగకు చెందిన ఒక పెద్దాయన చేతిలోని బొంగును నాకు అందించి లాగి ఉండకపోతే ఈ లేఖ రాసే భాగ్యం నాకు ఉండేది కాదు. ఆయన పేరు అడగాలన్న జ్ఞానం కూడా ఆనాడు నాకు లేకపోయింది. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది.

అప్పటికే నేను పాఠశాలలో సామాన్యశాస్త్రం చెబుతున్న ఉపాధ్యాయుణ్ణి. కాంతి గాలిలోంచి నీటిలోకి పోయేటప్పుడు వంగుతుందని, నీటి వక్రీభవన గుణకం 1.33 అని, అందుచేత నేరుగా పైనుంచి చూసినవారికి నీటి లోతు అసలు లోతులో నాలుగింట మూడు వంతులుగా మాత్రమే కనిపిస్తుందని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి. నాలుగున్నర అడుగులుగా తోచిన మడుగు నిజానికి ఆరు అడుగులన్నమాట. గట్టు మీద నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనిపిస్తుంది. మన కాలువనీరు మట్టి రంగులో ఉంటుంది కనుక అడుగు కనిపించదు, కనిపించదు కనుక ఎవరూ కంటిని నమ్మి దూకరు, కాలితో తడుముకుంటూ దిగుతారు. తేటనీరు ఆ జాగ్రత్తను మరిపిస్తుంది. మా కుర్రాళ్లకు నేను మొదట చెప్పిన సంగతి ఇదే. ఇంట్లో గోలెం నిండా నీళ్లు పోసి, అడుగున రూపాయి బిళ్ల వేసి, లోతు ఎంతో కంటితో చెప్పమని, తరువాత కర్రతో కొలిపించాను. ఏడుగురూ తక్కువే చెప్పారు. కాబట్టి మడుగులో దిగే ముందు అడుగుల గుర్తులు పెట్టిన గడకర్రతో నాలుగు వైపులా లోతు చూడాలని, దూకడం అన్నది అసలే ఉండకూడదని నిర్ణయించుకున్నాం.

రాయి గురించి కూడా ఒక మాట. డెల్టా అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. మా ఊరి పిల్లలకు రేవు మెట్లు తప్ప నీటిలో రాయి అంటే తెలియదు. కొండవాగులో రాళ్లకు సన్నని పాచి పట్టి ఉంటుంది, అది కంటికి ఆనదు, పాదానికి మాత్రం సబ్బు రాసినట్టు జారుతుంది. నీటిలో మునిగిపోయే ముందు రాతి మీద జారి తలకు దెబ్బ తగిలించుకునే ప్రమాదమే ఎక్కువ. హవాయి చెప్పులు అక్కడ పనికిరావు, మడమ పట్టీ ఉండి అడుగున రబ్బరు గట్టిగా ఉన్నవి కావాలి. జలపాతం పడేచోట తెల్లగా నురగలు తేలే నీటిలోకి పోవాలని కుర్రాళ్లకు సరదా పుడుతుంది. ఆ నురగంతా గాలి బుడగలు. గాలి కలిసిన నీరు మనిషిని మామూలు నీరు తేల్చినట్టు తేల్చదు, పైగా పడిన నీరు అడుగుకు పోయి మళ్లీ పైకి తిరుగుతూ ఉంటుంది కనుక ఎంత ఈత వచ్చినవాడైనా అక్కడ చేతులు ఆడించి లాభం ఉండదు.

ఊటనీటికి మరొక స్వభావం ఉంది. భూమిలోంచి వచ్చే నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు, ఆ ప్రాంతపు సగటు వార్షిక ఉష్ణోగ్రతకు దగ్గరగా నిలుస్తుంది. అందుకే శీతకాలం తెల్లవారుజామున గోరువెచ్చగా, ఎండాకాలం మధ్యాహ్నం జిల్లుమనిపించేలా తోస్తుంది. నల్లమల అంచున మహానంది కోనేరులో స్నానం చేసినవారికి ఇది అనుభవమే. అయితే మహానందిలో ఉన్నది మెట్లు కట్టిన కోనేరు, నీరు అయిదడుగులకు మించదు, చుట్టూ మనుషులు ఉంటారు. అడవిలో చెట్ల నీడన ఉన్న మడుగులో 40 డిగ్రీల ఎండలో నడిచి చెమటతో వచ్చినవారు ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే నీరు లోపలికి పోతుంది. నీడన కొంతసేపు కూర్చొని, ముందు కాళ్లు, తరువాత చేతులు, ఆ పిమ్మట ఛాతీ తడుపుకొని మెల్లగా దిగాలి. మన పెద్దవాళ్లు గోదావరి స్నానంలో నెత్తిన మూడు దోసిళ్లు పోసుకొని దిగడం చూసినవాళ్లమే కదా.

ఇక అన్నిటికంటె ముఖ్యమని నేను భావించే విషయానికి వస్తాను. ఆ నీరు ఎవరిది? ఉగాది వెళ్లిన వారానికి నేను, మా కుర్రాళ్లలో ఇద్దరు కలిసి ఆ చోటు ముందుగా చూసి రావడానికి వెళ్లాం. రాజమహేంద్రవరం నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం చేరి, అక్కడి నుంచి మారేడుమిల్లి దారిలో కొంతదూరం పోయి, కాలిబాట పట్టాం. ఆ ఊట పేరు, ఆ గూడెం పేరు ఇక్కడ రాయడం లేదు. దాచుకోవాలన్న స్వార్థం కాదు, పేరు బయటపడితే వచ్చే ఆదివారానికే అక్కడ పాతిక మోటారు సైకిళ్లు ఆగుతాయన్న భయం. తూర్పు కనుమల్లో వానకాలంలో కురిసిన నీరు చెట్ల వేళ్ల వెంట, చివికిన రాతి పొరల్లోకి ఇంకి, నెలల తరబడి లోలోపల నడిచి, కొండవాలులో ఎక్కడో ఒకచోట పైకి చెమరుస్తుంది. మేము చూసిన ఊట దగ్గర చిన్న సిమెంటు తొట్టె కట్టి, గొట్టం వేసి, మోటారు లేకుండా వాలు మీదనే నీటిని గూడెంలోకి దించుకున్నారు. తొట్టె నిండి పొర్లిన నీరే దిగువన మడుగులో చేరుతుంది.

తొట్టెలో పడే ధారకు ఒక పదిహేను లీటర్ల బకెట్టు పట్టి గడియారం చూశాను. నిండడానికి రెండు నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి ఏడున్నర లీటర్లు, రాత్రీపగలూ ఆగకుండా వచ్చినా రోజుకు 10,800 లీటర్లు. గూడెంలో ముప్పై అయిదు గడపలున్నాయి, పశువులు, మేకలు అదనం. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించేసరికి మా కుర్రాళ్లు మాట్లాడలేదు. ఈత కొట్టాలని మేము కలలు కన్న మడుగు ఆ రోజు మోకాలి లోతుకు దిగి, అంచున పచ్చగా పాచి తేరి ఉంది. మేము మే నెలలో ఎనిమిది మందిమి వచ్చి రెండు రోజులు ఉంటే వంటకు, తాగడానికి, కడుక్కోవడానికి వాడే నీరంతా ఆ ఇళ్ల బిందెల్లోంచి తీసినదే అవుతుంది.

కోనసీమలో ప్రతి ఊళ్లోనూ మంచినీళ్ల చెరువు వేరు, పశువుల చెరువు వేరు. కుళాయిలు రాని రోజుల్లో మంచినీళ్ల చెరువులో ఎవరైనా కాలు కడిగితే పెద్దలు ఊరుకునేవారు కాదు, పంచాయతీలో నిలదీసేవారు. అదే మనం కొండకు వెళ్లగానే ఆ గూడెం వారి మంచినీళ్ల ఊటలో షాంపూలు పెట్టి తలంట్లు పోసుకుంటున్నాం, బిర్యానీ గిన్నెలు తోముతున్నాం, ఫొటోలు తీసుకుంటున్నాం. ఇది నేను కళ్లారా చూశాను కనుక రాస్తున్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది. ఊట పుట్టేచోట ఎవరూ అడుగు పెట్టకూడదు. దాని దిగువన తాగునీరు పట్టుకునే చోటు, దాని దిగువన స్నానం, ఇంకా దిగువన పశువులు నీరు తాగే చోటు అని గూడెం వారికి ఒక వరుస ఉంటుంది. ఆ వరుసను అడిగి తెలుసుకొని దాని ప్రకారమే దిగాలి. సబ్బు వద్దు, కుంకుడు రసం ఫరవాలేదు కదా అని మా ఇంటి ఆడవాళ్లు అన్నారు. కుంకుడులోని నురగనిచ్చే పదార్థం చేపలకు విషం. ఒంటి నూనె కూడా తుడుచుకున్న తరువాతే నీటిలో దిగాలి. తలంటు కావాలంటే బకెట్టుతో నీళ్లు తెచ్చుకొని, వాగుకు అరవై మీటర్లు ఎడంగా పోయి, మట్టి మీద పోసుకోవాలి. మలమూత్రాలకూ అంతే దూరం, పైగా మూర లోతు గొయ్యి తీసి పూడ్చాలి.

మే నెల ప్రయాణం ఆ విధంగా వాయిదా పడింది. అసలు మన వాళ్లు బడి సెలవులను బట్టి యాత్ర నిర్ణయిస్తారు, నీటిని బట్టి నిర్ణయించరు. వేసవిలో ఊట సన్నబడుతుంది, ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడితే కొండంతా అంటుకుంటుంది, సాయంత్రం అయ్యేసరికి ఈదురుగాలులతో పిడుగుల వాన వచ్చే అవకాశం ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వాగులు పొంగే కాలం, నవంబరులో తుపానులు. గూడెం పెద్ద మాతో, "సంక్రాంతి పోయాక రండి మాస్టారూ, అప్పటికి నీళ్లు తేటపడతాయి, ఊటా నిండుగా ఉంటుంది" అన్నారు. ఆ మాటే ఖాయం చేసుకున్నాం. చలి మాత్రం డెల్టావాసులు ఎరగనంతగా ఉంటుందని, పలచని దుప్పట్లతో వస్తే రాత్రంతా కూర్చోవలసి వస్తుందని కూడా ఆయనే హెచ్చరించారు.

వర్షకాలపు వాగు గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి సమీపంలోని జలతరంగిణి జలపాతం దగ్గర ఉన్నట్టుండి పెరిగిన ప్రవాహంలో కొట్టుకుపోయి ముగ్గురు వైద్య విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. చదువుకున్న పిల్లలు, లోకం తెలిసిన పిల్లలు. భద్రాచలం నుంచి మాకు వచ్చే వరదకు ఉన్న వ్యవధి కొండవాగు ఇవ్వదు. మనం నిలబడిన చోట ఎండ కాస్తుండగానే ఎగువన రెండు కొండల అవతల కురిసిన వాన నిమిషాల మీద వచ్చి పడుతుంది. తేటగా ఉన్న నీరు ఒక్కసారి మట్టి రంగుకు తిరగడం, ఆకులు పుల్లలు కొట్టుకురావడం, ఎగువ నుంచి వినబడే హోరు మారడం, అంతవరకు పైకి కనిపించిన రాయి మునగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చెప్పులు, సెల్‌ఫోను, సామాను అన్నీ వదిలేసి, వాగు వెంట కాకుండా పక్కనున్న ఎత్తుకు ఎక్కాలి. వాగు మధ్య బండ మీద కూర్చొని భోజనం చేయడం, ఆవలి ఒడ్డుకు పోవడం ఎంతమాత్రం తగదు. నీరు పెరిగితే తిరిగి రావడానికి దారి ఉండదు. బయలుదేరే ముందు రోజు, ఆ ఉదయం వాతావరణశాఖ సూచన చూడాలి. మన ఊరికి కాదు, ఆ కొండలకు ఏమి చెప్పారో చూడాలి. ఎల్లో హెచ్చరిక ఉన్నా ప్రయాణం మానుకోవడమే మా నిర్ణయం.

అనుమతి విషయంలో మా కుర్రాళ్లకు కొంత నిరాశ కలిగింది. అడవి అంటే ఎవరికీ చెందని ఖాళీ జాగా అన్నట్టు గుడారం వేసుకోవచ్చునని వారు అనుకున్నారు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరాలు. 2008లో ప్రకటించిన పాపికొండల జాతీయ ఉద్యానం పరిధిలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా కఠినంగా వర్తిస్తుంది. అటవీశాఖ వారిని కలిసి అడిగితే, అడవి లోపల రాత్రి బస కుదరదని, పగలు మనిషిని వెంటబెట్టుకొని వెళ్లి చీకటి పడకముందే తిరిగి రావచ్చునని చెప్పారు. గూడెం అంచున కోత అయిపోయిన ఒక చేనులో గుడారాలు వేసుకోవడానికి ఆ రైతు ఒప్పుకున్నారు. చేనుకు అద్దె, దారి చూపే ఇద్దరు యువకులకు రోజుకూలి, రెండు పూటల వంటకు కట్టెలు, కూరగాయలు, కోళ్లు అన్నీ అక్కడే కొంటాం. గుడారాలు, సామాను సర్దుకోవడం కష్టం అనుకునే కుటుంబాలకు మారేడుమిల్లిలో అటవీశాఖ, స్థానిక గిరిజనుల వన సంరక్షణ సమితులు కలిసి నడిపే బస ఉండనే ఉంది. రాత్రి అక్కడ ఉండి పగలు నీటి దగ్గరకు పోయి రావడం పిల్లలున్నవారికి మేలు.

నీటి ఒడ్డున పడుకోకపోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. సందె చీకట్లో, తెల్లవారుజామున ఎలుగుబంట్లు, అడవిదున్నలు, పందులు నీటికి వస్తాయి. అవి వచ్చే దారిలో మనం గుడారం వేస్తే తప్పు మనది. నేల మీద చాప పరుచుకొని పడుకోవడం మరీ ప్రమాదం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది, కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు కనుక చాలామంది దోమ కుట్టిందనుకొని మళ్లీ పడుకుంటారు. అడుగు భాగం కలిపి కుట్టి, జిప్పు పూర్తిగా మూసుకునే గుడారమే తీసుకోవాలి; బూట్లు తొడిగేముందు దులపాలి; రాత్రి లేస్తే టార్చి లేకుండా అడుగు వేయకూడదు. కాటు వేస్తే గాట్లు పెట్టడం, తాడు బిగించి కట్టడం మాని, కరిచిన అవయవం కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడ, పాముకాటు మందు నిల్వ ఉందా, సెల్ సిగ్నలు ఎక్కడి వరకు అందుతుంది, 108 వాహనం ఎంత దూరం రాగలదు అన్నవి మేము ముందే అడిగి ఒక కాగితం మీద రాసుకున్నాం. ఏ రోజు ఎన్ని గంటలకు తిరిగి సిగ్నలు ఉన్నచోటుకు వస్తామో ఇళ్లలో చెప్పి, ఆ వేళకు ఫోను రాకపోతే ఎవరికి కబురు చేయాలో కూడా రాసి ఇస్తున్నాం.

ఈత కొట్టే సమయంలో పాటించవలసిన పద్ధతి గురించి నేను కుర్రాళ్లతో రాజీపడలేదు. ఇద్దరిద్దరు జతగా దిగాలి, ఒకేసారి నలుగురికి మించకూడదు, గట్టు మీద ఇద్దరు ఒళ్లు తడవకుండా కాపలా ఉండాలి. వారి చేతిలో ఇరవై మీటర్ల నైలాను తాడు, దాని కొసకు మూత గట్టిగా బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను ఉంటుంది. ఆ క్యాను ఒక పెద్ద మనిషి తలను నీటిపైన నిలబెట్టగలదు, ఖర్చు కూడా ఏమీ లేదు. మునిగిపోతున్నవాణ్ణి కాపాడాలని వెనకాముందూ చూడక దూకినవారు కూడా మునిగిపోవడం మన జిల్లాల్లో ఎన్నిసార్లు వినలేదు? కర్ర అందించాలి, తాడు విసరాలి, పంచె విసరాలి, శిక్షణ లేనివారు మాత్రం నీటిలోకి పోకూడదు. బయటికి తీసిన మనిషి ఊపిరి తీసుకోకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని, భుజాన వేసుకొని తిప్పాలని ఇప్పటికీ మన ఊళ్లలో చేస్తున్నారు. దానివల్ల ఊపిరి అందవలసిన విలువైన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటి ద్వారా ఊపిరి ఊది, ఆ వెంటనే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊపిరి ఊదే వరుసను సహాయం అందేదాకా ఆపకూడదు. దీన్ని కాగితం మీద చదివితే చాలదు కనుక మా కుర్రాళ్లందరికీ ఒక నర్సమ్మ గారి దగ్గర దిండు మీద సాధన చేయిస్తున్నాను. మద్యం తెచ్చినవాడు ఉంటే ఆ క్షణమే అందరం వెనక్కి వచ్చేస్తామని కూడా చెప్పాను.

తాగే నీటికి ఊటనీరే అమృతం అనేవారు ఉంటారు. తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమని కాదు, తెర్లేదాకా మరిగించి చల్లార్చాలి. దోమతెరలు మరువకూడదు. తిరిగి వచ్చిన తరువాత ఒకటి రెండు వారాలకు చలిజ్వరం వస్తే ఇక్కడి వైద్యుడికి "మన్యం వెళ్లి వచ్చాను" అని మొదటి మాటగా చెప్పాలి. మలేరియా దోమ కుట్టిన నాడే బయటపడదు, వారం దాటిన తరువాతే బయటపడుతుంది. అప్పటికి మనం యాత్రను మరచిపోతాం, వైద్యుడు మామూలు జ్వరం అనుకుంటాడు. గడ్డిలో తిరిగినవారికి నల్లిని పోలిన, కంటికి ఆనని పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఉంది, ఒంటి మీద కాలినట్టు నల్లని పెచ్చు కనిపిస్తే చూపించాలి.

ఇప్పుడు నా విన్నపాలు. సెలవుల ముందు దినపత్రికలన్నీ జలపాతాల, ఊటల, మడుగుల అందమైన ఫొటోలు వేస్తాయి. మీ పత్రిక కూడా వేస్తుంది. ఆ ఫొటో పక్కనే ఏ నెలల్లో వెళ్లకూడదో, ఎవరి అనుమతి కావాలో, ఆ నీటిని ఎవరు తాగుతున్నారో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో నాలుగు పంక్తులు తప్పక వేయవలసిందిగా కోరుతున్నాను. గూడెం వారు వద్దన్న చోట్ల పేరు వేయకుండా వదిలివేయడం ఇంకా మంచిది. రంపచోడవరం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వారికి, అటవీశాఖ వారికి నా మనవి మరొకటి. జనం ఎక్కువగా దిగే ప్రతి మడుగు దగ్గర ధవళేశ్వరంలో ఉన్నట్టు అడుగుల గుర్తులు రాతి మీద రంగుతో వేయించి, ఏ గీత దాటి నీరు ఉంటే దిగకూడదో ఎర్రగీత పెట్టించాలి. "లోతు ఎక్కువ, జాగ్రత్త" అన్న పలక ఎవరినీ ఆపదు, ఎంత లోతో చెప్పే అంకె కొంతమందినైనా ఆపుతుంది. ఆ పలకల దగ్గర తాడు, తేలే చక్రం వేలాడదీసి, పక్కనున్న గూడెం యువకులకు ఈతగాళ్లుగా శిక్షణ ఇచ్చి వేతనం ఇస్తే రెండు విధాల మేలు. పంచాయతీలు ఊట తొట్టెల చుట్టూ కంచె వేయించాలి. డెల్టాలోని పాఠశాలల్లో మా వంటి ఉపాధ్యాయులు వక్రీభవనం పాఠం చెప్పే రోజున గోలెం, రూపాయి బిళ్ల తీసుకొని పిల్లలను ఆరుబయటకు తీసుకుపోవాలని తోటి ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను. నేను ఆ పని చేయకుండానే ఉద్యోగ విరమణ చేశాను.

మా ప్రయాణం సంక్రాంతి వెళ్లిన తరువాతి శనివారానికి నిశ్చయమైంది. గడకర్రకు అడుగుల గుర్తులు వేయడం పూర్తయింది. బయలుదేరే ముందు గూడెం పెద్దకు ఫోను చేసి, తొట్టెలో బకెట్టు ఎంతసేపట్లో నిండుతున్నదో అడుగుతాం. ఒక నిమిషం దాటుతున్నదంటే ఈత మానుకొని, చేనులో రెండు రాత్రులు గడిపి, వాగు చూసి వస్తామని కుర్రాళ్లు తమంతట తామే నాకు మాట ఇచ్చారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సామాన్యశాస్త్ర ఉపాధ్యాయుడు,
అంబాజీపేట, కోనసీమ.